ముందు అక్షరం, తర్వాతే బొమ్మ: ఆన్‌లైన్‌లో తెలుగు కామిక్ స్ట్రిప్ వేయడం – నా అనుభవం

తెలుగులో కామిక్ స్ట్రిప్ మొదలుపెట్టేవాళ్ళు ముందు ట్యాబ్లెట్ గురించి అడుగుతారు. నేను మాత్రం వాళ్ళు వాడబోయే సాఫ్ట్‌వేర్‌లో "స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న" అని నాలుగు మాటలు టైపు చేసి చూడమంటాను. ఒత్తులు విడిపోయి పొల్లు అక్షరాలు వరసగా నిలబడ్డాయా, ఆ సాఫ్ట్‌వేర్ బొమ్మకి ఎంత గొప్పదైనా మన పనికి సగమే. ఈ పనిలో ఇన్నాళ్ళు గడిపాక నాకు గట్టిగా అనిపించేది ఇదొక్కటే: తెలుగు స్ట్రిప్‌ని పాఠకుడు మధ్యలో వదిలేసేది బొమ్మ బాగాలేక కాదు, మాట చదవలేక. అందుకే నా పనిలో వరస తిరగేసి ఉంటుంది. ముందు అక్షరం, ఆ అక్షరానికి చోటు, ఆ చోటు పోగా మిగిలిన దాంట్లో బొమ్మ.

ఒత్తులు ఎందుకు విడిపోతాయంటే, తెలుగు అక్షరం కీబోర్డు మీద నొక్కిన వరసలో తెర మీద కూర్చోదు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అని ఆరు కోడ్లు వెళ్తే, వాటిని కలిపి ఒక్క "స్త్రీ"గా పేర్చే పని సాఫ్ట్‌వేర్‌ది. బొమ్మల కోసం తయారైన చాలా ప్రోగ్రాముల్లో ఆ పేర్చే భాగం ఇంగ్లీషుకి, జపనీస్‌కి సరిపోయేంతే ఉంటుంది. ఫొటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌కి వెళ్ళి, టైప్ అనే చోట 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' ఎంచుకుని, ప్రోగ్రాం మూసి తెరిచి, కొత్త ఫైలు మొదలుపెడితే తప్ప ఒత్తులు కూర్చోవు. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో 'వరల్డ్ రెడీ కంపోజర్', ఇల్లస్ట్రేటర్‌లో అదే చోట 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' కంపోజర్ పెట్టాలి. ఇంక్‌స్కేప్‌లో ఈ గొడవే లేదు, పైగా ఉచితం. క్రిటాలో 5.2 వెర్షన్ నుంచి అక్షరాల అమరిక కొత్తగా రాశారు, నయమే. అయినా నేను బొమ్మ క్రిటాలో, మాటలు ఇంక్‌స్కేప్‌లో పెట్టే పద్ధతి మార్చుకోలేదు. బొమ్మని పీఎన్‌జీగా తీసి, ఇంక్‌స్కేప్‌లో కింది లేయర్‌గా (పొరగా) పెట్టి తాళం వేస్తాను. పాత్రల మాటలు పట్టే బుడగలు, అంటే బెలూన్లు, రెండో లేయర్, మాటలు మూడోది. మాటలు విడిగా ఉంటే రేపు అదే స్ట్రిప్‌ని ఇంగ్లీషులోకో, మరో యాసలోకో మార్చడం పదిహేను నిమిషాల పని. డేవిడ్ రెవోయ్ తన పెప్పర్ అండ్ క్యారట్ కామిక్‌ని పదుల భాషల్లోకి వెళ్ళేలా నడిపిస్తున్నది ఇదే ఏర్పాటుతో: బొమ్మ క్రిటాలో, మాటలు ఇంక్‌స్కేప్ ఫైల్లో.

ఫాంట్ల విషయంలో ఇప్పుడు కరువేమీ లేదు. గూగుల్ ఫాంట్స్‌లో సిలికాన్ ఆంధ్ర తరఫున వచ్చినవి చాలా ఉన్నాయి: మండలి, ఎన్టీఆర్, రామభద్ర, సురవరం, గిడుగు, లక్కిరెడ్డి, రవిప్రకాష్ వగైరా. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నవే కాబట్టి అమ్మే పుస్తకంలో కూడా నిర్భయంగా వాడుకోవచ్చు. మామూలు సంభాషణకి మండలి శుభ్రంగా ఉంటుంది. అరుపులకి రామభద్ర. ఎక్ టైప్ వాళ్ళ బాలూ తమ్ముడు గుండ్రంగా, లావుగా, హాస్యానికి సరిగ్గా అతుకుతుంది. అయితే అందరూ వాడే ఫాంట్ వాడితే మీ స్ట్రిప్ పెళ్ళిపత్రికలా, షాపు బోర్డులా కనిపించే ప్రమాదం ఉంది. బాపు చేతి అక్షరాలు చూసి పెరిగిన తెలుగు కంటికి కార్టూన్ అంటే చేతిరాతే. బొమ్మ గీసిన పెన్నుతోనే మాట రాస్తే గీత లావు ఒకటే అవుతుంది, మాట బొమ్మలో కలిసిపోతుంది. నేను ఇప్పుడు ముందు ఫాంట్‌తో కొలత చూసుకుని, దాన్ని లేతగా చేసి, దాని మీద చేత్తో రాస్తాను. సొంత చేతిరాతని ఫాంట్‌గా మార్చుకుందామని చాలామందికి ఆశ ఉంటుంది. ఇంగ్లీషుకైతే ఒక సాయంత్రం పని. తెలుగుకి గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలు కలిపి కొన్ని వందల ఆకారాలు గీయాలి, ఆపైన అవి ఎక్కడ కూర్చోవాలో నియమాలు రాయాలి. ఆ టైముకి ఏడాది స్ట్రిప్‌లు వచ్చేస్తాయి.

ఇక కొలతలు. ఇవి గాల్లోంచి తీసినవి కావు, ఫోన్ మీద స్కేలు పెట్టి లెక్కేసినవి. మామూలు ఫోన్ తెర వెడల్పు దాదాపు 7 సెంటీమీటర్లు. ఇన్‌స్టాగ్రామ్‌లో 1080 పిక్సెళ్ళ వెడల్పు బొమ్మ ఆ 7 సెంటీమీటర్లలో పడుతుంది, అంటే సెంటీమీటరుకి సుమారు 154 పిక్సెళ్ళు. ఫాంట్ సైజు 44 పిక్సెళ్ళు పెడితే తెర మీద 2.9 మిల్లీమీటర్లు వస్తుంది. అందులోనూ పైన గుడికి, కింద ఒత్తుకి పోగా అసలు అక్షరానికి దక్కేది అందులో సగం చిల్లర. కాబట్టి 44 నాకు అడుగు హద్దు. ఇంగ్లీషు కామిక్‌లో 32 పెట్టినా పెద్దక్షరాలు కాబట్టి చదవగలం, మనకి ఆ వెసులుబాటు లేదు. వరసకీ వరసకీ మధ్య ఎడం కూడా ఫాంట్ సైజుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి, అంటే 66 పిక్సెళ్ళు. 1.2 పెడితే పై వరసలో ఉన్న "ష్ట్ర" ఒత్తు కింది వరసలో ఉన్న "కి" గుడిని పొడుస్తుంది.

ఇప్పుడు నిలువు 1350, అడ్డం 1080 ఉన్న బొమ్మలో నాలుగు ఫ్రేములు రెండేసి చొప్పున పేర్చామనుకుందాం. చుట్టూ 30, మధ్య సందు 20 వదిలితే ఒక్కో ఫ్రేము 500 అడ్డం, 635 నిలువు. బెలూన్ లోపల 400 పిక్సెళ్ళు దొరికితే వరసకి పదమూడు, పద్నాలుగు అక్షరాలు పడతాయి. మూడు వరసలు రాస్తే, అంచులతో కలిపి బెలూన్ ఎత్తు 250 అవుతుంది, ఫ్రేములో 40 శాతం పోయినట్టే. నాలుగో వరస రాస్తే సగం ఫ్రేము మాటలే, పాత్ర మెడ దాకా మునిగిపోతుంది. అందుకే నా నియమం: ఫ్రేముకి మూడు వరసలు, ఏడెనిమిది మాటలు, అంతే. ఇందులో పట్టకపోతే మాట తగ్గించాలి తప్ప అక్షరం సైజు తగ్గించకూడదు. కొత్తవాళ్ళు చేసే తప్పుల్లో నూటికి తొంభై ఇక్కడే అని నా అభిప్రాయం.

తెలుగుకి ఇంకో చిక్కుంది. మాటలు అతుక్కుంటూ పోతాయి. "వెళ్ళిపోయాడనుకున్నాను" ఒక్క వరసని మింగేస్తుంది, మధ్యలో విరిస్తే చదివేవాడి నాలుక మడతపడుతుంది. సంధి దగ్గర విడదీసి "వెళ్ళిపోయాడు / అనుకున్నా" అని రాస్తే మాట్లాడినట్టూ ఉంటుంది, బెలూన్‌లోనూ పడుతుంది. అలాగే ఇంగ్లీషు కామిక్స్‌లోలా నిలువు కోడిగుడ్డు బెలూన్లు మనకి నప్పవు. అడ్డంగా సాగదీసిన, మూలలు గుండ్రంగా ఉన్న పెట్టె బెలూనే మన అక్షరానికి సుఖం. తోక పాత్ర నోటి వైపు చూపించి, దూరంలో సగం దాకా వెళ్ళి ఆగితే చాలు. ముందు మాట్లాడేవాడు ఎడమ వైపు, పైన ఉండాలి. ఈ ఒక్కటి రఫ్‌లో (తొలి చిత్తు గీతల్లో) తప్పితే, ఇంకింగ్ (చివరి నల్ల గీతలు గీయడం) అయ్యాక పాత్రల స్థానాలే మార్చాల్సి వస్తుంది.

కష్టాలే కాదు, భాష ఇచ్చే లాభమూ ఒకటుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, అవునో కాదో దాంతోనే తేలుతుంది. పంచ్ కోసం వాక్యాన్ని మెలిపెట్టనక్కర్లేదు, ఫ్రేముల మధ్య విరిస్తే చాలు. మొదటి ఫ్రేములో "నీ బాకీ ఈ నెలాఖరుకల్లా పైసాతో సహా..." రెండో ఫ్రేములో టీ గుటక, మాటల్లేవు. మూడో దాంట్లో "...తీర్చలేను రా." ఆ మాటల్లేని ఫ్రేము తీసేస్తే జోకు చచ్చిపోతుంది. అలాగే గబగబ, టపటప, చిటపట లాంటి జంట మాటలు శబ్దాల బొమ్మలకి పుట్టినవే. మొదటి "టప" ఒక ఫ్రేములో, రెండోది పక్క ఫ్రేములోకి సాగుతూ రాస్తే కదలిక దానంతటదే వస్తుంది. "బూమ్", "క్రాష్" అని తెచ్చిపెట్టుకోవాల్సిన పని లేదు. యాస ఏదైనా పర్లేదు కానీ ఒక పాత్రకి ఒకటే యాస. మొదటి ఫ్రేములో "ఏం జేస్తున్నవ్" అన్నవాడు నాలుగో ఫ్రేములో "ఎక్కడికి వెళ్తున్నారండీ" అంటే పాఠకుడు ఆగిపోతాడు.

బొమ్మ దగ్గరికి వస్తే తక్కువే చెబుతాను, ఎందుకంటే దీని గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. తెర లేని పెన్ ట్యాబ్లెట్‌తో మొదలుపెట్టండి, నాలుగైదు వేల్లో వస్తుంది. చెయ్యి ఒకచోట, కన్ను ఒకచోట అలవాటవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కాగితం మీదే గీసేవాళ్ళు రఫ్ లేత నీలం పెన్సిల్‌తో వేసి, మీద నల్ల ఇంకుతో గీసి, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేస్తే నీలం తీసేయడం తేలిక. ఫోన్ కెమెరాతో ఫొటో తీస్తే ఒక మూల నీడ, ఒక మూల వంకర తప్పవు, వాటిని సరిచేసే టైములో స్కానర్ షాపుకి వెళ్ళిరావచ్చు. పాత్రలు నలుగురుంటే నలుగురినీ పూర్తిగా నల్లగా నింపి చూడండి. ఆ నల్ల ఆకారాల్లో ఎవరెవరో గుర్తుపట్టలేకపోతే జుట్టు, పొట్ట, చెవులు, సంచీ ఏదో ఒకటి మార్చాలి. ఫోన్ తెర మీద పాత్ర ముఖం చిటికెన వేలి గోరంత ఉంటుంది, కళ్ళద్దాల రంగు తేడా అక్కడ కనపడదు.

అసలు ఫైలు ఎంత సైజులో గీయాలన్నది మాత్రం మొదటిరోజే తేల్చుకోవాలి. తర్వాత పుస్తకం వేద్దామనుకుంటే అప్పుడు పెంచడం కుదరదు. ఏ5 పేజీ (ఏ4 కాగితంలో సగం) వెడల్పు 148 మిల్లీమీటర్లు, గీతల బొమ్మకి ప్రెస్సులో 600 డీపీఐ కావాలి, అంటే 3496 పిక్సెళ్ళు. అందుకని నేను వెడల్పు 3500 పెట్టుకుని గీస్తాను, నెట్‌కి 1080కి దింపుతాను. దింపేటప్పుడు గీతలు సన్నబడతాయి కాబట్టి అసలు ఫైల్లో అతి సన్న గీత 12 పిక్సెళ్ళకి తగ్గకూడదు. దింపాక అది దాదాపు నాలుగు పిక్సెళ్ళు అవుతుంది, ఇన్‌స్టాగ్రామ్ నలిపినా నిలబడుతుంది.

నలపడం అన్నాను కదా, అది వివరంగా చెప్పాలి. మన స్ట్రిప్ ఇన్‌స్టాగ్రామ్‌లో పుట్టినా, తిరిగేది వాట్సాప్‌లో. కుటుంబం గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో. వాట్సాప్ మామూలుగా పంపే ఫొటోలో పొడుగు వైపుని దాదాపు 1600 పిక్సెళ్ళకి కుదిస్తుంది. 1080 అడ్డం, 1350 నిలువు ఉన్న బొమ్మకి దీనివల్ల నష్టం లేదు. అదే ఫోన్‌లో కిందికి జరుపుకుంటూ చదివే వెబ్‌టూన్ తరహాలో నిలువుగా 5400 పిక్సెళ్ళు సాగిన బొమ్మ అయితే వెడల్పు 320కి పడిపోతుంది, 44 పిక్సెళ్ళ అక్షరం 13కి దిగుతుంది. ఇక ఎవరు చదువుతారు? హెచ్‌డీ నొక్కి పంపితే కొంత నయం, కానీ ఫార్వర్డ్ చేసే మామయ్య అది నొక్కడు. పత్రికల్లో వచ్చే అడ్డం స్ట్రిప్ కూడా ఫోన్‌లో అంతే సంగతి. నాలుగు ఫ్రేములు పక్కపక్కన పెడితే ఒక్కోటి పావు వంతు, తెర మీద పావుతక్కువ రెండు సెంటీమీటర్లు. అందుకే రెండు రెళ్ళ నాలుగు పేర్పు. ఫ్రేములన్నీ ఒకే కొలతలో ఉంచితే అదే స్ట్రిప్‌ని ఒక్కో ఫ్రేము ఒక్కో స్లైడ్‌గా కూడా పెట్టుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ 2024 నుంచి ఒక పోస్టులో 20 దాకా ఒప్పుకుంటోంది. 2025 నుంచి ప్రొఫైల్ పేజీలో బొమ్మలు 3:4 నిష్పత్తిలో కనిపిస్తున్నాయి. మన 4:5 బొమ్మలో అటూ ఇటూ 34 పిక్సెళ్ళు అక్కడ కత్తిరింపుకి పోతాయి, అంచుల్లో మాటలు పెట్టకండి.

ఎవరి కామిక్ వాళ్ళు ఎక్కించుకునే వెబ్‌టూన్ కాన్వాస్ సైట్లో పెట్టాలంటే 800 అడ్డం, 1280 నిలువు ముక్కలుగా కోయాలి. దాంట్లో తెలుగు విభాగం లేదు, ఇంగ్లీషు అనువాదం ఉంటేనే దానివల్ల ఫలితం. ఇన్‌స్టాగ్రామ్‌కి ఫైలు ఎగుమతి (ఎక్స్‌పోర్ట్) ఎప్పుడూ ఎస్‌ఆర్‌జీబీ అనే తెర రంగుల పద్ధతిలో, సరిగ్గా 1080 వెడల్పులో చేయాలి. అంతకంటే పెద్దది ఎక్కిస్తే వాళ్ళే కుదిస్తారు, మనంత జాగ్రత్తగా కాదు. ముదురు నీలం మీద ఎర్ర అక్షరాలు వద్దు. జేపీజీ పద్ధతి వెలుగు వివరాన్ని ఎక్కువగా నిలిపి, రంగు వివరాన్ని మాత్రం బాగా తగ్గించి దాస్తుంది, అందుకే ఎరుపు అంచులు కారినట్టు కనిపిస్తాయి. తెలుపు మీద నలుపుని మించింది లేదు.

బొమ్మలో ఉన్న మాటలు సెర్చ్‌కి దొరుకుతాయని నమ్ముకోవద్దు. పోస్టు కింద మనం రాసే క్యాప్షన్‌లో స్ట్రిప్‌లోని ముఖ్యమైన మాటలు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి రాస్తాను. మనవాళ్ళు వెతికేది ఎక్కువగా రెండో పద్ధతిలోనే. చూపులేనివాళ్ళ కోసం ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మకి జతచేసే వివరణలో) ఫ్రేము వారీగా రెండేసి ముక్కలు. ఇవి కాక సొంత డొమైన్ (వెబ్ చిరునామా) మీద ఒక చిన్న వెబ్‌సైటు తప్పనిసరి, డొమైన్‌కి ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టుపక్కల అవుతుంది. ఖాతా ఏ కారణం చేతనో మూతపడితే పాత స్ట్రిప్‌లన్నీ ఒక్క రాత్రిలో మాయమవుతాయి, అప్పుడు మిగిలేది అదే.

ఒక నాలుగు ఫ్రేముల స్ట్రిప్‌కి నాకు పట్టే టైము: రాతకి గంటన్నర, రఫ్‌కి ముప్పావుగంట, లెటరింగ్‌కి (మాటలు పెట్టడానికి) ముప్పావుగంట, ఇంకింగ్‌కి రెండు గంటలు, రంగులకి గంట, ఎగుమతికీ పోస్టింగ్‌కీ అరగంట. మొత్తం ఆరున్నర గంటలు. వారానికి రెండంటే పదమూడు గంటలు, ఉద్యోగం చేసుకుంటూ కుదిరేది ఇంతే. రోజుకొకటి వేస్తామని మొదలుపెట్టి మూడో వారంలో ఆగిపోవడం మామూలు. మొదటిది పోస్ట్ చేసే ముందే ఎనిమిది స్ట్రిప్‌లు చేతిలో ఉండాలి, నాలుగు వారాల నిల్వ. జ్వరం, ఊరి ప్రయాణం, సంక్రాంతి, అన్నీ ఆ నిల్వలోంచే పోతాయి. నిల్వ మూడుకి పడిపోతే ఒక వారం ఒకటే వేసి మళ్ళీ నింపుకుంటాను. మణికట్టు నొప్పి మొదలైతే స్టైలస్‌కి రబ్బరు తొడుగు వేసి లావు చేసుకోండి, సన్న పెన్నుని బిగించి పట్టుకోవడమూ ఒక కారణమే.

దొంగతనం సంగతి. మీమ్ పేజీలవాళ్ళు సంతకం ఉన్న అంచుని కోసేసి వేసుకుంటారు. కాబట్టి సంతకం అంచులో కాదు, చివరి ఫ్రేము లోపల, పాత్ర కాళ్ళ దగ్గరో కుర్చీ కోడు మీదో ఉండాలి. కోస్తే బొమ్మ పాడవ్వాలి. అయినా ఎత్తేస్తే ఇన్‌స్టాగ్రామ్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంది. మన పోస్టు లింకు, వాళ్ళ పోస్టు లింకు రెండూ ఇవ్వాలి, తేదీ ముందుది మనదేనని కనిపించాలి. లేయర్లు ఉన్న అసలు ఫైలు ఎప్పుడూ ఎవరికీ ఇవ్వకండి, అది మీ పట్టాదారు పాసుపుస్తకం లాంటిది. మన దేశంలో గీసిన క్షణం నుంచే కాపీరైట్ ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సాక్ష్యంగా పనికొస్తుందనుకుంటే కాపీరైట్ కార్యాలయం వెబ్‌సైటులో కళాకృతికి 500 రూపాయలు. నెల రోజులు అభ్యంతరాల కోసం ఆగాలి. నేనైతే ఒక్కో స్ట్రిప్‌కి చేయను, ప్రధాన పాత్రల బొమ్మల పేజీకి చేయిస్తే చాలంటాను.

ఇక డబ్బు. నిర్మొహమాటంగా చెప్పాలంటే స్ట్రిప్ డబ్బు తేదు, స్ట్రిప్ చూసినవాళ్ళు తెచ్చే పని డబ్బు తెస్తుంది. బ్రాండ్ల పోస్టులు, వెబ్‌సైట్లకి బొమ్మలు, పెళ్ళి కారికేచర్లు, పిల్లల వర్క్‌షాపులు. అభిమానుల చందాల దగ్గర మన దేశంలో ఒక సాంకేతిక గోడ ఉంది. అభిమానులు నెలనెలా చందా కట్టే విదేశీ సైటు ప్యాట్రియాన్, 2025 ఆగస్టు 4 తర్వాత పేజీ మొదలుపెట్టిన కళాకారుల దగ్గర 10 శాతం తీసుకుంటుంది, చెల్లింపుల ఖర్చు అదనం. అది పర్లేదు. కానీ 2021 అక్టోబరు 1 నుంచి ప్రతినెలా కార్డు మీద ఆటోమేటిక్‌గా పోయే చెల్లింపులకి రిజర్వు బ్యాంకు కొత్త నియమాలు పెట్టింది. విదేశీ సైట్లకి మన కార్డులతో కట్టే నెలవారీ చందాలు చాలా అక్కడే ఆగిపోతాయి. పాఠకుడు మనసు మార్చుకోలేదు, కార్డు ఒప్పుకోలేదు. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ కూడా 2021 ఏప్రిల్ 1 నుంచి దేశం లోపలి చెల్లింపులు మానేసింది. కాబట్టి అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్ళకి ప్యాట్రియాన్, ఇక్కడివాళ్ళకి యూపీఐ అని రెండు దారులు పెట్టుకోవాలి. యూపీఐ క్యూఆర్ బయట పెట్టేటప్పుడు ఫోన్ నంబరు కనపడని ఐడీ ఒకటి యాప్‌లో విడిగా సృష్టించుకోండి. లేకపోతే రాత్రి పదకొండుకి "హాయ్ బ్రో" మెసేజీలు మొదలవుతాయి.

ఎవరైనా అడిగి చేయించుకునే పనికి (కమిషన్ పనికి) ధర ఎలా? నెలకి 40,000 చేతిలో పడాలి, ఖర్చులు 6,000, డబ్బొచ్చే పనికి దొరికే గంటలు 80 అనుకుంటే గంటకి 575. ఆరున్నర గంటల స్ట్రిప్‌కి 3,700 పైచిలుకు. రెండు విడతల మార్పులకి ఇంకో గంటన్నర వేస్తే 4,600. "ఎక్స్‌పోజర్ వస్తుంది" అన్నవాళ్ళకి ఈ లెక్క చెప్పనక్కర్లేదు, వద్దంటే చాలు. సగం అడ్వాన్సు రఫ్‌కి ముందే తీసుకోవాలి. మార్పులు రఫ్ దశలోనే, ఇంకింగ్ అయ్యాక మాటల మార్పు తప్ప ఏదడిగినా అదనపు రుసుము. ఇది మెయిల్లో రాసి ఉండాలి, ఫోన్లో చెప్పింది చెప్పినట్టు ఉండదు. ప్రకటన స్ట్రిప్ అయితే ప్రకటన అని పైనే కనిపించేలా వేయాలి, ప్రకటనల ప్రమాణాలు చూసే సంస్థ ఏఎస్‌సీఐ 2021 నుంచి అడుగుతున్నది అదే.

ఒప్పందంలో నేను మొదట చూసేది హక్కుల పేరా. "అన్ని హక్కులూ బదిలీ" అని ఉంటే ధర మూడు రెట్లు, లేదా ఆ వాక్యం కొట్టేసి ఎక్కడ, ఎన్నాళ్ళు వాడతారో రాయించాలి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్ళుగా, ప్రాంతం రాయకపోతే దేశం లోపలికే అని భావిస్తారు. ఈ రెండు వాక్యాలు తెలిసుంటే బేరం తీరే మారుతుంది. పాత్రల హక్కు మాత్రం ఎంతిచ్చినా వదలొద్దు. ఒక స్ట్రిప్ అమ్మితే ఒక స్ట్రిప్ పోతుంది, పాత్రని అమ్మితే రేపటి స్ట్రిప్‌లన్నీ పోతాయి.

డబ్బు ఆలస్యం అన్నది ఈ రంగంలో జబ్బు కాదు, వాతావరణం. దానికి గొడుగు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల నమోదు. ఆధార్, పాన్‌తో ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా అవుతుంది, డబ్బడిగే నకిలీ సైట్ల జోలికి పోకండి. ఆ నంబరు ఇన్‌వాయిస్ మీద వేస్తే, ఒప్పందంలో గడువు రాసుకున్నా 45 రోజులు దాటకుండా, రాసుకోకపోతే 15 రోజుల లోపు చెల్లించాల్సిన బాధ్యత కంపెనీ మీద పడుతుంది. ఆ గడువు దాటితే, అసలు కట్టేదాకా ఆ ఖర్చుని వాళ్ళు ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోలేరు. అకౌంట్స్ విభాగాన్ని కదిలించేది మర్యాద మెయిలు కాదు, ఈ మాట. కంపెనీలు ఒప్పందాన్ని బట్టి 1 శాతమో 10 శాతమో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తాయి, అది ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద పడిందో లేదో మూడు నెలలకోసారి చూసుకోవాలి. జీఎస్టీ సంగతి సేవలకి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మామూలుగా తలెత్తదు, విదేశీ క్లయింట్లు ఉంటే మాత్రం ఒకసారి ఆడిటర్‌ని అడగండి.

అరవై డెబ్భై స్ట్రిప్‌లు అయ్యాక పుస్తకం. ఏ5లో పేజీకి ఒక స్ట్రిప్ వేస్తే, అంచులు పోను 44 పిక్సెళ్ళ అక్షరం 15 పాయింట్ల దరిదాపుల్లో పడుతుంది, హాయిగా ఉంటుంది. ఖర్చు తగ్గుతుందని పేజీకి రెండు పెడితే 9 కంటే కిందికి దిగుతుంది, ఒత్తులు నలుసులవుతాయి. పిన్ను కొట్టే బైండింగ్ అయితే పేజీలు నాలుగు గుణకాల్లో ఉండాలి: 64, 68, 72. రెండు వందల కాపీల లోపు డిజిటల్ ప్రింట్, అయిదు వందలు దాటితే ఆఫ్‌సెట్ లాభం. అంచు దాకా రంగు ఉంటే చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా గీసి ఇవ్వాలి, కటింగ్ ఎప్పుడూ కాస్త జరుగుతుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం నలుపుది. తెర మీది నలుపుని సీఎంవైకేకి (ప్రెస్సు వాడే నాలుగు ఇంకుల పద్ధతికి) మారిస్తే అది నాలుగు రంగుల మిశ్రమంగా మారుతుంది. నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ గులాబీ నీడ వస్తుంది, "క్ష్మ" ఒత్తు పూడుకుపోతుంది. మాటల లేయర్, గీతల లేయర్ రెండూ నలుపు ప్లేటు ఒక్కదాంట్లోనే, 100 శాతం ఉండేలా మార్చి, ప్రూఫ్‌లో (అచ్చుకి ముందు చూపించే నమూనాలో) ప్లేట్లు విడివిడిగా చూపించమని అడగాలి. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల అలవాటు ఉంది, యూనికోడ్ ఫైలు తెరిస్తే వాళ్ళ దగ్గర ఒత్తులు చెదరొచ్చు. అక్షరాలన్నీ అవుట్‌లైన్లుగా (ఫాంట్‌తో పని లేని గీతల ఆకారాలుగా) మార్చిన పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. బుక్ షాపులు మూడో వంతుకి పైగానే కమిషన్ అడుగుతాయి కాబట్టి కాపీకి అయిన ఖర్చుకి నాలుగింతలకి తగ్గకుండా ధర వేస్తేనే గిట్టుబాటు.

డిసెంబరు ప్రాంతంలో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం, ఇంకా హైదరాబాద్ కామిక్ కాన్. ఈ మూడింటిలో బల్ల దొరికితే ముగ్గురు కలిసి పంచుకోండి, ఒకరు అమ్ముతూ ఉంటే ఒకరు బొమ్మ వేస్తూ ఉండాలి. గీస్తున్న చెయ్యి చూసే జనం ఆగుతారు. ధర 100, 150, 200 లాంటి గుండ్రని అంకెల్లో పెట్టుకోండి. సాయంత్రం ఆరు దాటాక జనం నిండి నెట్‌వర్క్ మొరాయిస్తుంది, క్యూఆర్ తిరుగుతూ ఉంటుంది, పుస్తకం తీసుకున్నవాడు బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోతాడు. నగదు ఇచ్చేవాళ్ళకి చిల్లర కోసం యాభై రూపాయల నోట్లు ఇరవై, వంద రూపాయల నోట్లు పది పర్సులో వేసుకుని వెళ్ళండి.